మాంత్రికుడి గుహలోకి వెళ్లిన పిల్లలు



ప్రతి నెల ఈ పేజీలో మేము చదివిన ఒక పుస్తకమును గూర్చి రాయడము మీకు తెలిసినదే. ఈ నెల ఆ పనిని ఒక చదువరియే మా చేతిలో నుండి తీసుకున్నది. గుణదల నుండి ఒక చెల్లెలు ఉత్తరము రాసింది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుతున్న అమ్మాయి. రూళ్ల కాగితము మీద రెండు వైపులా ఎనిమిది పుటలు. పేరు వేయవద్దని కోరింది గనుక వేయడము లేదు. అయితే తన అభిప్రాయములు అచ్చు వేయవచ్చునని అనుమతి ఇచ్చింది.

ఉత్తరము ఇలా మొదలవుతుంది: "అయ్యగారూ, మాయలు, మంత్రాలు ఉన్న నవలలు చదవడం పాపమా? మా నాన్నగారు పాపమే అంటున్నారు. నేను చదివిన వాటి గురించి నాకు అనిపించింది దాచకుండా రాస్తున్నాను. చదివి మీరే చెప్పండి."

జరిగిన సంగతి ఏమనగా, ఆ అమ్మాయి మేనమామ పాత పుస్తకముల దుకాణములో హ్యారీ పోటర్ మొదటి పుస్తకము తెలుగు అనువాదము కొని తెచ్చి ఇచ్చాడు. తండ్రి ఆటోనగర్‌లో పని చేస్తారు. ఒక రాత్రి పని ముగించుకుని ఇంటికి వచ్చి, మంచము మీద ఉన్న ఆ పుస్తకము అట్ట చూశారు. మంత్రగాళ్ల కథ అని తెలిసి, రెండుగా చింపి నీళ్లపొయ్యిలో పెట్టారు. అప్పటికి ఆమె సగము మాత్రమే చదివింది. "రెండు నెలలైంది. రాత్రి కుటుంబ ప్రార్థనలో కూర్చుంటాను. నాన్నగారు ప్రార్థన ముగించినప్పుడు అమ్మ, చెల్లి ఆమేన్ అంటారు. నేను అనడం మానేశాను. నాన్నగారికి తెలుసు. ఆయనా ఏమీ అనరు" అని రాసింది.

ఈ మాట చదివిన తరువాత ఉత్తరమును పక్కన పెట్టడము మా వలన కాలేదు. అందుచేత ముందు ఆమె అభిప్రాయములు, తరువాత మా మాట.

ఆమె చదివిన వాటిలో మొదటివి చందమామ సీరియల్ కథలు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ప్రారంభించిన చందమామను ఎరుగని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. ఆ పత్రిక ఇప్పుడు రావడము లేదు. కాని దానిలో దాసరి సుబ్రహ్మణ్యము గారు రాసిన తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం, యక్షపర్వతం వంటి ధారావాహికలను దాచుకున్నవారు నేటికీ ఉన్నారు. దాసరి వారు తమ చివరి దినములు మన విజయవాడలోనే గడిపి, 2010లో కన్నుమూశారు. ఈ కథలను గూర్చి మన చెల్లెలు ఇలా అంటుంది: "ఖడ్గవర్మ, జీవదత్తుడు ఎంత కష్టం వచ్చినా ఒకరినొకరు వదిలిపెట్టరు. మాంత్రికుడికి ఎన్ని శక్తులున్నా ధైర్యం, తెలివి ముందు ఓడిపోతాడు. ఈ కథలు చదివి నేను ఏనాడూ భయపడలేదు. ఏలూరు కాలువ గట్టున అలాంటి రాక్షసుడు ఎదురవుతాడని ఎవరనుకుంటారు?"

రెండవది హ్యారీ పోటర్, సగము వరకు. మిగిలిన సగము కళాశాలలో స్నేహితురాలి దగ్గర చదివినదట. ఈ సంగతి తండ్రికి తెలియదు. "ఆ అబ్బాయికి అమ్మానాన్న లేరు. మెట్ల కింద గూట్లో పడుకుంటాడు. వాళ్లమ్మ తన ప్రాణం అడ్డుపెట్టి బిడ్డను కాపాడింది. అక్కడ నాకు ఏడుపొచ్చింది. కానీ ఒక సంగతి నచ్చలేదు. అతను బడి నియమాలు తప్పుతాడు, పెద్దవాళ్ల దగ్గర నిజం దాస్తాడు, అయినా చివరికి మాస్టారు మార్కులు వేస్తారు. మా కాలేజీలో అలా జరగదు. ఇంకొకటి, అందులో ఒక అద్దం ఉంటుంది. మన మనసులో ఏది కావాలని ఉందో అదే అందులో కనబడుతుంది. దాని ముందు కూర్చుని అన్నం నీళ్లు మరచి పాడైపోయినవాళ్లు ఉన్నారని పెద్ద మాస్టారు చెబుతారు. అది చదివి నా చేతిలో సెల్‌ఫోన్ వైపు చూసుకున్నాను."

మూడవది సెల్‌ఫోన్‌లో వచ్చే కథలు. "ప్రతి భాగం సరిగ్గా తలుపు తెరుచుకునే చోట ఆపేస్తారు. తరవాతిది కావాలంటే డబ్బు కట్టమంటారు. రాత్రి పన్నెండు దాకా చదివి పొద్దున లేవలేకపోయిన రోజులున్నాయి. ఏమి చదివానని అడిగితే చెప్పడానికి ఒక్క మనిషి పేరు గుర్తుండదు."

నాలుగవది పెద్దమ్మగారి ఇంట్లో దొరికిన యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం. దీనిని గూర్చి ఆమె రాసినది కొంచెము తరువాత చెబుతాము.

అయిదవది చదివి మేము నవ్వుకున్నాము. తరువాత ఆలోచనలో పడ్డాము. "మా నాయనమ్మ పెట్టెలో యాత్రికుని ప్రయాణము ఉంది. నాన్నగారు చిన్నప్పుడు దాన్ని మూడుసార్లు చదివారట. నేనూ చదివాను. అందులో రాక్షసుడున్నాడు, కోట ఉంది, చెరసాల ఉంది, ఏ తాళమైనా తీసే తాళపుచెవి ఉంది, రెక్కలు పొలుసులు ఉన్న భూతం ఉంది. మరి దీన్ని నాన్నగారు ఎందుకు చింపలేదు?"

చెల్లెమ్మా, నీ ప్రశ్న న్యాయమైనది. జవాబు చెప్పే ముందు మా ఇంటి సంగతి ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

1983లో మేము గుడివాడ దగ్గర ఒక పల్లెలో ఉండేవారము. మా తమ్ముడు పదవ తరగతి. గుడివాడలో అద్దెకు పుస్తకములిచ్చే చిన్న దుకాణము నుండి రోజుకు పావలా అద్దె చొప్పున పుస్తకములు తెచ్చుకుని, క్లాసు పుస్తకముల మధ్య పెట్టి చదివేవాడు. అవి క్షుద్ర నవలల గాలి జోరుగా వీస్తున్న రోజులు. ఆంధ్రభూమి వారపత్రికలో తులసిదళం వచ్చి ఊరూరా మారుమోగిన తరువాత, శ్మశానములు, బొమ్మలకు గుచ్చిన సూదులు, ఎముకలు, నిమ్మకాయలు ఉన్న నవలలు వెల్లువగా వచ్చాయి. ఆదివారము మా సంఘములో అయ్యగారు వాటిని గూర్చి హెచ్చరించారు. ఆ సాయంత్రమే తమ్ముని పుస్తకముల దొంతరలో గోధుమరంగు అట్ట వేసిన లావుపాటి పుస్తకము మా కంటబడింది. అట్ట మీద సిరాతో "మాంత్రికులు" అన్న మాట చదవడానికి వీలుగా ఉన్నది, మిగిలినది చెరిగిపోయింది. ఇంకేమి చూడాలి? తీసుకుపోయి పొయ్యిలో వేశాము. తమ్ముడు ఒక్క మాట అనలేదు. దుకాణదారునికి పుస్తకము వెల కట్టడానికి పది రోజులు రైసు మిల్లులో ఊక బస్తాలు మోశాడు. ఆ తరువాత మా ఇంట్లో అతడు పుస్తకము పట్టుకోగా మేము చూడలేదు. చదవడము మానలేదు, మా ఎదుట చదవడము మానాడు.

ముప్పది ఏళ్ల తరువాత ఒక పెళ్లిలో పక్క పక్కన కూర్చుని భోజనము చేస్తుండగా అతడే ఆ మాట ఎత్తాడు. "అన్నయ్యా, ఆ రోజు నువ్వు తగలబెట్టింది ఏమిటో తెలుసా? చందమామ సీరియల్, ముగ్గురు మాంత్రికులు. నెల నెలా వచ్చిన కాగితాలు చించి ఎవరో బైండు చేయించారు." చందమామను మేమే చిన్నప్పుడు అమ్మ ఒడిలో కూర్చుని చదివాము! అట్ట మీద ఒక్క మాట చదివి, లోపల ఒక్క పుట తిప్పకుండా నిప్పులో వేశాము.

కాబట్టి గుణదల సోదరునికి మేము తీర్పు తీర్చేవారము కాము. ఆయన చేసిన పనిని ఆయనకంటె ముందే చేసినవారము.

మంత్రగ్రంథములను కాల్చిన సంగతి బైబిలులోనే ఉన్నది గదా అని కొందరంటారు. నిజమే. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో, ఎఫెసు పట్టణములో, మాంత్రిక విద్యను అభ్యసించినవారు తమ గ్రంథములను తెచ్చి అందరి యెదుట కాల్చివేశారు. లెక్క చూడగా వాటి వెల యాభై వేల వెండి రూకలు అయినది. అక్కడ రెండు సంగతులు గమనించండి. ఎవరి పుస్తకములను వారే తెచ్చుకున్నారు. ఒకరి ఇంట్లోకి ఇంకొకరు చొరబడి లాగుకొని రాలేదు. రెండవది, అవి కథల పుస్తకములు కావు. మంత్రము ఎలా వేయవలెనో నేర్పే పుస్తకములు, వాటితో జీవనము చేసినవారి పుస్తకములు. తాయెత్తు కట్టే మనిషి ఆ వృత్తి మానుకొని తన సరంజామా కాల్చుకోవడము వేరు. తండ్రి తన కూతురు సగము చదివిన కథను చించడము వేరు.

మరి బైబిలులో ఊహా కథలు లేవా? న్యాయాధిపతులు 9వ అధ్యాయము తీయండి. అబీమెలెకు తన సహోదరులను చంపి రాజైనప్పుడు, తప్పించుకున్న కనిష్ఠుడు యోతాము గెరిజీము కొండ కొమ్మున నిలిచి షెకెము వారికి ఒక కథ చెప్పాడు. చెట్లన్నీ కలిసి రాజును వెదకబోయినవట. ఒలీవచెట్టు రానన్నది, అంజూరపుచెట్టు రానన్నది, ద్రాక్షావల్లి రానన్నది, చివరకు ముండ్లపొద సరేనన్నది. నడిచే చెట్లు, మాటలాడే ముండ్లపొద! అది అబద్ధమని షెకెములో ఎవరైనా అనుకున్నారా? ఎవరిని గూర్చి చెబుతున్నాడో అందరికీ తెలుసు. చెప్పినవాడు ప్రాణభయముతో పారిపోవలసి వచ్చింది. కల్పిత కథకు అంత పదును ఉన్నది.

ఇప్పుడు యాత్రికుని ప్రయాణము విషయము. జాన్ బన్యన్ ఇంగ్లండులో పాత్రలకు మాట్లు వేసి బ్రతికిన మనిషి. అనుమతి లేకుండా బోధించినందుకు 1660లో చెరసాలలో వేస్తే పన్నెండేళ్లు అక్కడే ఉన్నారు. ఆయన పుస్తకము 1678లో అచ్చయింది. నిరాశ అనే రాక్షసుడు సందేహపు కోటలో యాత్రికులను బంధించడము, వాగ్దానము అనే తాళపుచెవి తన రొమ్ములోనే ఉన్నదని యాత్రికునికి జ్ఞాపకము రావడము మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన ఘట్టములు. అయితే ఆ రోజులలో దీనిని అచ్చు వేయించమని కొందరు, వద్దని కొందరు తనతో అన్నట్లు బన్యన్ ముందుమాటలో తానే చెప్పుకున్నారు. పవిత్ర విషయమును ఇలా కల్పిత కథగా చెప్పవచ్చునా అని సందేహించినవారు అప్పుడూ ఉన్నారు. ఇప్పుడు మన నాయనమ్మల పెట్టెలలో బైబిలు పక్కన ఉండే ఈ పుస్తకము, పుట్టిన నాడు అనుమానముగా చూడబడిన ఊహా కథయే.

ఇటీవలి కాలపు మాట చెప్పుకుందాము. బెల్‌ఫాస్ట్‌లో 1898లో పుట్టిన సి.ఎస్. లూయిస్ యవ్వనములో విశ్వాసము వదిలివేశారు. 1916లో ఒక రైల్వే స్టేషన్ పుస్తకముల అంగడిలో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే ఒకప్పటి పాదిరిగారు రాసిన ఊహా నవల ఒకటి కొన్నారు. ఆ పుస్తకము తన ఊహలను కడిగి శుద్ధి చేసినదని పెద్దవాడైన తరువాత సాక్ష్యమిచ్చారు. విశ్వాసములోనికి తిరిగి వచ్చినది మాత్రము 1931లో. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక రాత్రి చాలా పొద్దుపోయేవరకు నడుస్తూ ఆయనతో మాటలాడిన స్నేహితులలో జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఒకరు. తరువాతి కాలములో ఆ ఇద్దరు స్నేహితులూ లోకప్రసిద్ధమైన ఊహా నవలలు రాశారు. లూయిస్ నార్నియా కథలు 1950 నుండి 1956 వరకు ఏడు పుస్తకములుగా వచ్చాయి. అందులో మంత్రగత్తె ఉన్నది. మిఠాయి ఆశ చూపి ఒక బాలుని తన వైపు తిప్పుకుంటుంది. ఆ ద్రోహి బాలునికి బదులుగా సింహము తన ప్రాణమిస్తుంది. టోల్కీన్ మూడు సంపుటముల నవల 1954, 1955 సంవత్సరములలో వచ్చింది. లోకమంతటినీ ఏలగల ఉంగరము ఒక చిన్నవాని చేతికి వస్తుంది. దానిని వాడుకొనుటకు కాదు, నిప్పుకొండలో పారవేయుటకే అతని ప్రయాణమంతా.

హ్యారీ పోటర్ పుస్తకములు 1997 నుండి 2007 వరకు ఏడు వచ్చాయి. అమెరికాలో 2000 నుండి 2009 వరకు గ్రంథాలయముల నుండి తీసివేయమని అత్యధిక ఫిర్యాదులు అందుకున్నవి ఇవేనని అక్కడి గ్రంథాలయ సంఘము ప్రకటించింది. ఫిర్యాదు చేసినవారిలో విశ్వాసులైన తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. వారి భయము మాకు అర్థమవుతుంది. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము మనకు తెలుసు, సౌలు రాజు మారువేషముతో ఏన్దోరుకు వెళ్లిన రాత్రి తెలుసు. అయితే ఏడవ పుస్తకము దాకా చదివినవారికి తెలిసిన సంగతి ఒకటున్నది. ఆ బాలుని తల్లిదండ్రుల సమాధి మీద మొదటి కొరింథీయులకు పత్రిక 15వ అధ్యాయము 26వ వచనము చెక్కియుంటుంది. ఈ ఒక్క కారణము చేత దానిని ఆదివారపు బడిలో పెట్టమని మేము అనము. బడి నియమములను గూర్చి మన చెల్లెలు పట్టిన తప్పు సరియైన తప్పే. చదివినది గనుక పట్టగలిగింది.

ఇక తులసిదళం. ఒక చిన్నపిల్ల మీద క్షుద్ర ప్రయోగము జరిగిన కథ. మాంత్రికుల మాట ఒక వైపు, వైద్యుల మాట ఒక వైపు నడుస్తాయి. రచయిత పట్టుగా చెప్పగలరు, కింద పెట్టనివ్వరు. మన చెల్లెలు కూడా ఒక్క రాత్రిలో పూర్తి చేసింది. ఆమె దానిని గూర్చి రాసినది ఇది:

"మా సందు చివర ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటారు. శుక్రవారం వాకిట్లో ముగ్గు వేసి, గడపకు పసుపు రాసి, నిమ్మకాయ కోసి రెండు పక్కలా పెడతారు. చిన్నప్పటినుంచి చూస్తున్నదే. ఈ నవల చదివిన వారానికి మా చెల్లికి జ్వరం వచ్చింది. అదే రోజు ఆవిడ చెల్లికి జామకాయ ఇచ్చారు. నేను దాన్ని లాక్కుని కాలువలో పారేశాను. ఆవిడ వాకిట్లో నిలబడి చూస్తున్నారు. ఆ తరవాత మా ఇంటివైపు రావడం మానేశారు. చెల్లి జ్వరం రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది. మందులతో తగ్గిపోయింది."

ఈ మాటలు ఆరవ పుట అడుగున, ఇరికించి రాసి ఉన్నాయి. ప్రశ్నగా అడగలేదు. కాని ఎనిమిది పుటలలో బరువైనవి ఇవే అని మా నమ్మకము.

ఎందుకంటే ఇది కథలతో ఆగే సంగతి కాదు. తెలంగాణలో బాణామతి అంటారు, ఉత్తరాంధ్ర మన్యములో చిల్లంగి అంటారు, మన వైపు చేతబడి అంటారు. ఆ అనుమానముతో ముసలివారిని, ఒంటరివారిని కొట్టిన వార్తలు, చంపిన వార్తలు కూడా రెండు తెలుగు రాష్ట్రములలోను ఇప్పటికీ పత్రికలలో వస్తూనే ఉన్నాయి. మూర్ఛ వచ్చిన బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోకుండా మంత్రగాని దగ్గర రోజులు గడిపి ప్రాణము మీదికి తెచ్చుకున్న కుటుంబములు మన సంఘములలోనూ ఉన్నాయి. మూర్ఛ మెదడుకు సంబంధించిన జబ్బు. చాలామందికి మందులతో అదుపులో ఉంటుంది. "ఎవరో ఏదో చేశారు" అన్న మాట ఒక్కసారి ఇంట్లోకి వచ్చిందంటే, మందు కంటె ముందు మనిషిని వెదకుతారు. ఆ దొరికే మనిషి ఎప్పుడూ బలము లేని మనిషే. వెనుక కొడుకులు లేని ముసలమ్మ, భూమి తగాదాలో ఉన్న బీద దాయాది.

చందమామ మాంత్రికునికీ ఈ నవలలోని మాంత్రికునికీ తేడా ఇక్కడ ఉన్నది. మొదటివాడు ఏడు కొండల అవతల గుహలో ఉంటాడు. పుస్తకము మూసినప్పుడు వాడూ గుహలోకి వెళ్లిపోతాడు. రెండవవాడు మన ఊళ్లోనే, మన సందులోనే ఉన్నాడన్నట్లు రాస్తారు. పుస్తకము మూసిన తరువాత మన కళ్లు వాని కొరకు వెదకుతాయి. గుణదల సందులో ఆ కళ్లకు మామ్మగారు కనబడ్డారు.

కాబట్టి ఇలాంటి పుస్తకము పిల్లల చేతిలో కనబడినప్పుడు మేము మూడు ప్రశ్నలు వేసుకుంటాము. మీకూ పనికివస్తాయేమో చూడండి.

మొదటిది: కథలో శక్తి దొరికినవాడు దానితో ఏమి చేస్తాడు? తన కొరకు కూడబెట్టుకుంటాడా, ఇతరుల కొరకు వదులుకుంటాడా? ఉంగరమును నిప్పులో పారవేసే కథకూ, పగ తీర్చుకోవడానికి మంత్రము నేర్చుకునే కథకూ అట్ట మీద బొమ్మ ఒకేలా ఉండవచ్చు.

రెండవది: పుస్తకము మూసిన తరువాత పొరుగువారిని చూస్తే ప్రేమ పెరిగిందా, భయము పెరిగిందా? భయము పెరిగితే ఆ పుస్తకమును గూర్చి ఇంట్లో పెద్దవారితో మాటలాడవలసి ఉన్నది.

మూడవది: ఆ కథ మనలను వదులుతుందా? చందమామ సీరియల్ నెల రోజులు ఆగమనేది. ఆ నెలలో కోతలు కోసేవారము, పరీక్షలు రాసేవారము, తరువాత ఏమవుతుందో మనమే ఊహించుకునేవారము. ఇప్పుడు ఫోను ఆగనివ్వదు. మంత్రము అంటూ ఉంటే అది కథలో కంటె ఆ ఆగనివ్వకపోవడములోనే ఎక్కువగా ఉన్నది.

ఇక ఇద్దరితో చెరి ఒక మాట.

చెల్లెమ్మా, నీ అభిప్రాయములు బాగున్నాయి. చదివిన ప్రతి దానిలో మంచి ఇది, చెడు ఇది అని విడదీసి చెప్పగలిగావు. నీ ప్రశ్నకు మా జవాబు: కథ చదవడము పాపము కాదు. చదివినది మనచేత ఏమి చేయిస్తుందో చూసుకోకపోవడము ప్రమాదము. మీ నాన్నగారు పుస్తకము తెరవకుండానే అది చెడ్డదని తీర్మానించారని నీకు కోపము. మామ్మగారి విషయములో నువ్వు చేసినదీ అదే గదా. ఇన్నేళ్లుగా ఎరిగిన మనిషిని ఒక నిమ్మకాయ చూసి తీర్మానించావు. ఆమె ఆచారము మనది కాకపోవచ్చు, ఆమె మన పొరుగు మనిషి. ఈ పత్రిక నీ చేతికి వచ్చేలోపే చెల్లిని వెంటబెట్టుకొని వెళ్లు. కారణము చెప్పలేకపోతే, "మామ్మగారూ, ఆ రోజు నాది తప్పు" అన్నంతవరకు చాలు. జామకాయ ఇస్తే ఆమె ఎదుటే తినండి. స్నేహితురాలి దగ్గర మిగిలిన సగము చదివిన సంగతి కూడా నాన్నగారికి నువ్వే చెప్పు. ఇంకొకరి నోట వినేలా చేయవద్దు.

సోదరుడా, ఈ పేజీ మీ ఇంట్లో మీరే చదివి వినిపిస్తారని మీ అమ్మాయి రాసింది. అందుకు మాకు సంతోషము. బిడ్డ మేలు కొరకే మీరు ఆ పని చేశారని మాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయితే చింపిన పుస్తకము వెల కొద్ది రూపాయలు. మీ కూతురి ఆమేన్ వెల మీరే లెక్క వేసుకోండి. ఏటా జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవము జరుగుతుంది, 1989 నుండి జరుగుతున్నదే. ఈసారి ఆమెను మీరే తీసుకు వెళ్లండి. ఆమె ఒక పుస్తకము ఎంచుకొనవలెను, మీరు ఒకటి ఎంచుకొనవలెను. ఇద్దరూ రెండూ చదవండి. నచ్చని చోట, "ఇక్కడ నాకు నచ్చలేదమ్మా, ఎందుకంటే..." అని చెప్పండి. కారణముతో వద్దన్న మాట పిల్లలకు గుర్తుంటుంది. నిప్పులో వేసిన పుస్తకము గుర్తుండేది వేరొక విధముగా.

మా తమ్ముని సంగతి చెప్పి ముగిస్తాము. ఆ పెళ్లి భోజనములో అతడు ఇంకొక మాట కూడా అన్నాడు. "నాకు కోపం ఎప్పుడో పోయింది అన్నయ్యా. కానీ ఆ కథ చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు." పాత చందమామలు భద్రముగా దాచుకున్న ఒక మిత్రుని బ్రతిమాలి, ఆ సంచికలు నెల రోజులకు అరువు తెచ్చాము. మా తమ్ముడు ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డాడు, చూపు మందగించింది. అందుచేత మేమే చదివి వినిపించాము. రోజుకు ఒక్క భాగమే. సాయంత్రము అరుగు మీద కూర్చుని, నిలిపివేసిన చోటి నుండి మొదలుపెట్టేవారము. చివరి భాగము అయిపోయిన రోజు అతడు చాలాసేపు మాటలాడలేదు. తరువాత, "నేను ఊహించుకున్న ముగింపే బాగుంది" అని నవ్వాడు.

మీ ఇంట్లో పిల్లలు ఏమి చదువుతున్నారో ఈ వారము అడిగి చూడండి. తనిఖీ చేసినట్లు కాక, కథ చెప్పమని అడగండి. వారు చెప్పినది మాకు ఉత్తరము రాయండి.

ప్రభువు చిత్తమైతే వచ్చే నెల మరల కలుసుకుందాము.